మంగళవారం సెలవు

మంగళవారం మా ఆయన కత్తెరకు సెలవు.
మంగళవారమే వండలూరులో పులికీ సెలవు.
ఈ చిక్కు విప్పలేకే
మూడేళ్లుగా మా పిల్లలు
పులిని అగ్గిపెట్టె మీదే చూస్తున్నారు.

"పాపం, వాటికీ ఒక రోజుండాలి కదే,"
అంటాడు మునిరత్నం అన్నం కలుపుకుంటూ.
"వారమంతా ఎవడో ఒకడు
మొహంలోకి చూస్తూనే ఉంటాడాయె.
అద్దం ముందు నిలబడేవాడికి తెలుస్తుందా బాధ."
ఆ మాట తర్వాత
ఇంక నేను వాదించింది లేదు.

ఈ ఏడు దాటితే తులసికి
రైల్లో అర టికెట్టు చెల్లదు.
అందుకే నిన్న రాత్రి
క్యాలెండరులోంచి చింపిన పాత నెల వెనక
రాశాను ప్లాను, తెలుగులో.

మా ఇంట్లో తెలుగు చదివేది నేనొక్కదాన్నే.
ఆయనదీ పిల్లలదీ అరవ బడి,
అత్తమ్మ ఎత్తిరాజమ్మది వేలిముద్ర.
నోట్లో అందరిదీ తెలుగే గానీ
అక్షరాలు మాత్రం
నేను పుత్తూరు నుంచి తెచ్చుకున్న సారె.

అదే నాకు పనికొచ్చింది.
గొంతు సవరించుకుని చదివాను:
ఆదివారం. ఐదింటికే లేవడం.
కొరుక్కుపేటలో ఎక్కి బీచ్‌లో దిగి
చెంగల్పట్టు బండి. కిటికీ పక్కన అత్తమ్మ.
ఎవర్‌సిల్వర్ డబ్బాలో పులిహోర.
"పులిని చూడ్డానికి పులిహోరా!" దినకర్‌గాడి కేక.
పెరుగన్నం విడిగా, దబ్బకాయ ఊరగాయ.
ప్లాస్టిక్ సంచి వద్దు, లోపలికి రానివ్వరట.
కోతులున్నచోట డబ్బా మూత తీయకూడదు.
ముందు తులసి అడిగిన తెల్లపులి,
తర్వాత వీడి మొసలి, అది నోరు తెరిచేదాకా ఆగాలట.
"ఏనుగు కోసమైతే బండెక్కడమెందుకే,
నీటిగుర్రమంటే ఏంది, గుర్రమేనా?" అంది అత్తమ్మ.
అత్తమ్మ మోకాళ్లకు బ్యాటరీ బండి.

అక్కడ కొంచెం ఆగాను.
కాగితంలో ఉన్నది ఒక అంకె,
నా నోట్లోంచి వచ్చింది అందులో సగం.
టికెట్లూ అంతే.
ఆదివారం కొట్టు మూస్తే పోయేది
రాశాను, చదవలేదు.

ఆదివారమంటే మాటలా?
తెల్లారకముందే బెంచీ నిండుతుంది.
పెళ్లిచూపులకు పోయే కుర్రాళ్లు,
చెవుల మీదికి జుట్టొచ్చిందని బళ్లో తిట్లు తిన్న పిల్లలు,
వారమంతా గోదాముల్లో మూటలు మోసి
గడ్డం గీయించుకుంటే గానీ
ఇంట్లో గుర్తుపట్టని మనుషులు.
కుర్చీలు రెండు,
చేతులూ ఆయనవి రెండే.

అన్నీ విన్నాడు. ఊఁ కొట్టాడు.
"తక్కువలోనే అయ్యేటట్టుందే" అన్నాడు.
కాగితం ఇమ్మన్నాడు.
ట్యూబులైటు కింద పట్టుకుని చూశాడు,
నెరుపు ఎక్కడ మొదలైందో వెతికేవాడిలా.

అప్పుడు తట్టింది నాకు,
అంకెలకు అరవమూ లేదు, తెలుగూ లేదు.

ఆయన వేలు కింది గీత దగ్గర ఆగింది.
నేను గిన్నెలు కడగడానికి లేచాను,
కడిగిన గిన్నెలే.
వెనక పెన్సిలు గీస్తున్న చప్పుడు.
కొట్టేస్తున్నాడనుకున్నాను.

పొద్దున లేచేసరికి ఆయన కొట్టుకు పోయాడు.
బియ్యం డబ్బా మీద కాగితం.
నా మొత్తం నేను వేసినట్టే ఉంది,
దాని కింద అరవంలో రెండు వరుసలు.
దొంగలెక్క దొరికిపోయినదాన్ని
ఇప్పుడు కన్నకొడుకు చేతే చదివించుకోవాలి.
వాడు పళ్లు తోముకుంటూ నురగతోనే చదివాడు:
"ఐస్‌క్రీం రాయడం మరిచిపోయావు.
ఐదు కాదు, ఆరు. అమ్మ రెండు తింటుంది."

గోడవైపు తిరిగి పడుకున్న ఎత్తిరాజమ్మ
"చల్లటిది నాకు పడదు" అంది,
కళ్లు తెరవకుండానే.